గొడుగు విప్పే చెయ్యి

రాజావారని ఆయనకి పేరు పెట్టింది స్వయంగా పెళ్ళామే. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నెత్తిమీద గొడుగు లేకుండా నిలబడని మనిషిని మరేమని పిలవమంటారని హాల్లో అందరి ముందూ అడిగింది. అందరూ నవ్వారు. పేరు అతుక్కుపోయింది. ఆయన చిన్నబుచ్చుకోలేదు. మురిసిపోయాడు. పొగడ్తకీ వెక్కిరింతకీ తేడా తెలియని మనుషులుంటారు. వాళ్ళు సుఖంగా బతుకుతారు. కష్టమంతా పక్కవాళ్ళకి.

గొడుగుల ఫ్యాక్టరీలో ఆఖరి చెయ్యి ఆయనది. హాలు చివర చెక్క అరుగు మీద నిలబడేవాడు. కుట్టుపని అయిన గొడుగు చేతికి రాగానే మీట నొక్కేవాడు. ఠప్‌మని గొడుగు విచ్చుకునేది. దాన్ని తలమీద ఒక్క చుట్టు తిప్పి, కిటికీ వెలుతురులో బట్టకి చిల్లులున్నాయేమో చూసి, చువ్వలు తడిమి, మూసి బుట్టలో పడేసేవాడు. మళ్ళీ ఇంకోటి. ఠప్.

హాలంతా ఆ చప్పుడుకే నడిచేది. నడవమని ఎవరూ చెప్పలేదు. రెండు వరసల ముక్కాలిపీటల మీద కూర్చున్న ఆడవాళ్ళు చువ్వల మొనలకి బట్ట అంచుని ముడివేసి కుట్టేవాళ్ళు. ఒక ఠప్‌కి ముడి పడేది, ఇంకో ఠప్‌కి దారం తెగేది. చప్పుడు జోరందుకుంటే సూదులూ జోరందుకునేవి. నెమ్మదిస్తే అవీ నెమ్మదించేవి. ఆ వరసలో మొదటి పీట రాజావారి పెళ్ళానిది. ఆవిణ్ణి అందరూ సూదక్క అనేవాళ్ళు. చేతిలో ఉన్నదాని వల్లో, నోట్లో ఉన్నదాని వల్లో ఎవరూ తేల్చి చెప్పలేదు.

జీతాలిచ్చిన మర్నాడు పొద్దున హాలు చెవులు రిక్కించేది. రాజావారు అరుగెక్కి మొదటి గొడుగు విప్పాక, రెండోదానికి ఎంతసేపు తీసుకుంటాడో అదే ఆ నెల తీర్పు. జీతం మర్యాదగా ఉంటే చెయ్యి మర్యాదగా ఆడుతుంది. ఒకసారి యజమాని టీ మాన్పించాడు. గొడుగుకీ గొడుగుకీ మధ్య నిదానంగా ఆవలించేంత ఎడం వచ్చింది. మేనేజరు హడలిపోయి మీటలకి నూనె పోయించాడు. ఫ్యాన్లు మార్పించాడు. పచ్చరంగు చూస్తే ఒళ్ళు చురుగ్గా ఉంటుందని ఎవరో చెబితే గోడలన్నిటికీ పచ్చరంగు వేయించాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, టీ తప్ప అన్నీ ఇచ్చాడు. చివరికి విసుగొచ్చి టీ కూడా ఇచ్చాడు. హాలు లేచి పరిగెత్తింది. అదంతా పచ్చరంగు మహిమేనని ఆయన ఇప్పటికీ నమ్ముతాడు.

కుట్టుహాలు పక్కనే చువ్వల షెడ్డు ఉండేది. ఇనపతీగని సాగదీసి, వంచి, చువ్వలు చేసేవాళ్ళు పనిచేసిన చోటు. ఒక ఏడాది ఆ పని సముద్రం అవతలికి పోయింది. అక్కడ కూలి చవకట. చువ్వలు కట్టలు కట్టలుగా ఓడల్లో రావడం మొదలైంది. షెడ్డుకి తాళం పడింది. కుట్టుహాల్లో ఒక్కరి కంటా తడి లేదు. మనది కాదులే అనుకున్నారు. పక్కిల్లు కాలుతుంటే చలి కాచుకున్నారు.

చలి తీరాక లెక్కలు గుర్తొచ్చాయి. చువ్వలు చవకయ్యాయి. గొడుగు ధర తగ్గలేదు. ఫ్యాక్టరీకి కొత్త ఇనప గేటు వచ్చింది, గేటుకి సరిపడా పొడుగు కారు వచ్చింది. జీతాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మిగిలిందేదో మిగిలింది కదా సార్, మాకూ కాస్త పంచండి" అని సూదక్క మేనేజరుని అడిగింది.

"చూద్దాం" అన్నాడాయన.

చూద్దాం అంటే ఏమిటో అందరికీ తెలుసు. మర్నాడు రాజావారు గొడుగు విప్పి, తిప్పి, దాని నీడలో కాసేపు లోకాన్ని తలచుకుని, మూశాడు. ఆ వారం ఫ్యాక్టరీ నుంచి బయటికెళ్ళిన గొడుగులు చిన్న జల్లుకి కూడా చాలవు.

మేనేజరు ఈసారి రంగు వేయించలేదు. హాల్లోకి వచ్చి అరుగెక్కి నిలబడ్డాడు.

"మీరడిగింది న్యాయమే" అన్నాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "లాభం పెరిగినప్పుడు జీతం పెరగాలి. యజమాని కూడా ఒప్పుకున్నారు. కానీ అందరికీ పెంచితే గిట్టదు. అందుకని కుట్టుపని కూడా అవతలికి పంపేసి, ఇక్కడ మిగిలిన నలుగురికీ బాగా పెంచుతాం. ఉన్నవాళ్ళు సంతోషంగా ఉంటారు."

"లేనివాళ్ళో?" అంది సూదక్క.

"వాళ్ళు ఇక్కడ ఉండరు కదమ్మా" అన్నాడు మేనేజరు ఓపిగ్గా. "ఉండనివాళ్ళ సంతోషం ఈ హాలు లెక్కలోకి ఎలా వస్తుంది?"

ఆయన దుర్మార్గుడు కాడు. అదే గొడవ. దుర్మార్గుడైతే తిట్టి ఊరుకోవచ్చు.

మిగిలే నలుగురిలో మొదటివాడు రాజావారు. ఏ దేశంలో కుట్టినా గొడుగుని ఇక్కడ విప్పి చూడాల్సిందే కదా. రెండోవాడు సూదక్క తమ్ముడు. ఆ హాలుకి మేస్త్రీ. తక్కిన ఇద్దరూ పెట్టెలు కట్టేవాళ్ళు. పీటల మీద ఉన్న ఆడవాళ్ళందరూ ఇంటికే. సూదక్కతో సహా.

పోయేముందు ఇంకో పని మిగిలింది. అవతలివాళ్ళకి ఈ ముడి తెలియదు. హాలు పనిచేస్తుండగా ఫిల్ము తీసి పంపాలి. అది చూసి వాళ్ళు నేర్చుకుంటారు. ఉరితాడు పేనేది కూడా మనమేనన్నమాట.

టీ వేళ ఆడవాళ్ళు గుంపుగా కూర్చున్నారు. సూదక్క గ్లాసు కింద పెట్టింది.

"ఫిల్ములో మనం నత్తల్లా కుడదాం. అది చూసి వాళ్ళూ నత్తల్లానే నేర్చుకుంటారు. నత్తకి కూలి ఎంత తక్కువైతే మాత్రం ఏం గిడుతుంది? పని మళ్ళీ మన ఒళ్ళోకే వస్తుంది."

"బాగుందే" అంది కళ్ళద్దాల పెద్దమ్మ. హాల్లో అందరికంటే పెద్దది. అద్దాలు తుడుచుకోనిదే సూదిలో దారం ఎక్కించలేదు. "నాకు వేరే నటించక్కర్లేదు కూడానూ."

అందరూ నవ్వారు. తర్వాత నవ్వు ఆపి అరుగు వైపు చూశారు. నత్త నడవాలన్నా, గుర్రం ఉరకాలన్నా చప్పుడు అక్కణ్ణుంచే రావాలి. రాజావారు ఛాతీమీద చెయ్యి వేసుకున్నాడు.

"నా చెయ్యి నా మాట వినదా? నాకొదిలేయండి."

"అదేరా నా భయం" అంది పెద్దమ్మ.

ఆ సాయంత్రం ఇంట్లో సూదక్క వీధి తలుపు మూసి, ఇంట్లో ఉన్న ఒక్క పాత గొడుగూ ఆయన చేతికిచ్చింది. "ఏదీ, విప్పు." ఆయన విప్పాడు. "నెమ్మది. ఇంకా నెమ్మది. ఒళ్ళు నొప్పులున్నవాడిలా. అప్పు తీర్చేవాడిలా. ఆఁ, అలా." మేస్త్రీ వంటింటి గుమ్మంలో కూర్చుని చూస్తున్నాడు.

"బావా, ఒక్క మాట. నలుగురు చూస్తుంటే నీకు ఒళ్ళు తెలియదు. నీ పెళ్ళిలో ఫొటో అతను నవ్వమన్నాడని ముహూర్తం దాటినా నవ్వుతూనే ఉన్నావు."

"నోర్ముయ్యరా" అన్నాడు రాజావారు. "నా పెళ్ళాం పీట పోతుంటే నాకు తెలియదూ?"

తెలుసు. పాపం, ఆ మాటలో అబద్ధం లేదు.

ఫిల్ము తీసే రోజు కెమెరా అతను రెండు పెద్ద దీపాలతో వచ్చాడు. మేనేజరు కొత్త చొక్కా తొడుక్కున్నాడు. రాజావారు అరుగెక్కాడు. ఠప్. హాలు ఊపిరి పీల్చుకుని వదిలింది. ఠప్. పెద్దమ్మ అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. అంతా అనుకున్నట్టే సాగుతోంది. మేనేజరు మొహం వాడిపోతోంది.

కెమెరా అతనికి ఈ గొడవలేవీ తెలియవు. దీపం ఒకటి తీసుకొచ్చి రాజావారి మొహమ్మీదికి తిప్పాడు. "సార్, కాస్త ఇటు చూడండి" అన్నాడు. జీవితంలో ఆయన్ని సార్ అన్న మొదటి మనిషి. "ఆ తిప్పేది భలే ఉంది సార్. మళ్ళీ ఒకసారి."

రాజావారు మళ్ళీ తిప్పాడు.

"అబ్బ! ఏం చెయ్యి సార్ అది! ఇంకొంచెం వేగంగా తిప్పితే బట్ట పువ్వులా కనిపిస్తుంది."

సూదక్క దగ్గింది. గట్టిగా దగ్గింది. పక్కావిడా దగ్గింది. వరస వరసంతా దగ్గింది. రాజావారికి వినపడలేదు. దీపం వెలుగులో ఆయన చెవులు కూడా ఎర్రగా వెలిగిపోతున్నాయి. ఠప్! గొడుగు పువ్వై తిరిగింది. మూసి బుట్టలో పడేసి కెమెరాకి ఒక సలాం కొట్టాడు. ఠప్! సలాం. ఠప్! సలాం. ఎర్రది, నల్లది, చుక్కలది. కుడిచేత్తో ఒకటి విప్పుతూ ఎడంచేత్తో ఇంకోటి మూశాడు. ఒకదాన్ని గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. ఠప్ ఠప్ ఠప్ ఠప్!

ఇక హాలేం చేస్తుంది? ఆ చప్పుడు ఏళ్ళ తరబడి వాళ్ళ వేళ్ళలో ఇంకిపోయింది. మనసు వద్దంటూనే ఉంది, సూదులు పరిగెత్తాయి. నత్తలన్నీ గుర్రాలయ్యాయి. పళ్ళు బిగించి తిట్టుకుంటూ, తిట్టుకుంటూనే ముడులు వేశారు. పెద్దమ్మ అద్దాలు ముక్కుమీదికి జారినా తుడుచుకోలేదు, గుడ్డిగానే కుట్టింది, ఒక్క ముడీ తప్పలేదు. ఎవరికో నవ్వు వచ్చింది. ఆ నవ్వు హాలంతా పాకింది. కొంపలంటుకుంటున్నాయని తెలిసి కూడా అందరూ పగలబడి నవ్వుతూ కుట్టారు. అంత బాగా ఆ హాలు ఎన్నడూ పనిచేయలేదు. బుట్ట నిండి పొర్లి, గొడుగులు దొర్లుకుంటూ మేనేజరు కాళ్ళదాకా వచ్చాయి. ఆయన ఒకటి తీసి విప్పి తలమీద పెట్టుకుని చిందులేశాడు.

దీపాలు ఆరాయి. హాలు చల్లబడింది. రాజావారు రొప్పుతూ, చెమట తుడుచుకుంటూ, నవ్వుతూ పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ సూది గొడుగుబట్టకి గుచ్చి లేచింది.

"పొగిడితే కొండెక్కి దూకే మొగుడు" అంది. "దూకితే దూకావు, మమ్మల్నందర్నీ కొంగు పట్టుకుని లాక్కుపోయావు కదయ్యా."

ఆయన చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా మూడురోజులు లేవలేదు. తగిన శాస్తి.

నెల తిరక్కుండానే పీటలు ఖాళీ అయ్యాయి. రాజావారి జీతం పెరిగింది. ఆ మొదటి జీతం తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాడు. ఆవిడ తీసుకుని, చీపురు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఏమిటే ఇది?"

"నా జీతం కూడా కలిపి నీకే ఇస్తున్నారు కదా. నా పని కూడా కలిపి నువ్వే చెయ్యి. న్యాయం న్యాయమే."

ఆ ఇంట్లో అప్పట్నుంచీ రాజావారే ఊడ్చాడు, రాజావారే అంట్లు తోమాడు. బావమరిది రోజూ వచ్చి గుమ్మంలో కూర్చుని చూసేవాడు. కుట్టుహాల్లో మేస్త్రీకి అజమాయిషీ చేయడానికి బావ ఒక్కడే మిగిలాడు. ఇంటికొచ్చినా అలవాటు పోలేదు.

"బావా, ఆ మూకుడు అడుగు చూడు. నలుపు అలాగే ఉంది."

"ఒక్క గొర్రెకి ఒక కాపరి! నీకు సిగ్గులేదట్రా?"

"నాకెందుకు బావా సిగ్గు? సలాములు కొట్టింది నువ్వా నేనా?"

వీధిలో ఆడవాళ్ళు ఎదురైతే ముందు సలాం కొట్టేవాళ్ళు, తర్వాత మొహం తిప్పుకునేవాళ్ళు. పెద్దమ్మ రెండిళ్ళలో పనికి కుదిరింది. మొదటి ఇంట్లో అద్దాలు సరిగా తుడుచుకోక పింగాణీ గిన్నె పగలగొట్టింది. రెండో ఇంటివాళ్ళకి ఆ కబురు ముందే అందింది.

రాజావారికి అన్నిటికంటే కష్టమైంది హాలు. సముద్రం అవతలినుంచి గొడుగులు పెట్టెల్లో వచ్చేవి. ఆయన అరుగెక్కి విప్పేవాడు. ఠప్. ఆ చప్పుడు ఖాళీ పీటల మధ్య తిరిగి తిరిగి, అందుకునే చెయ్యి లేక మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేది. నెమ్మదిగా విప్పినా ఒకటే, వేగంగా విప్పినా ఒకటే. తాళం వేసేవాడికి పాట లేకపోతే వాడు చప్పట్లు కొట్టే పిచ్చివాడు.

సముద్రం అవతల మాత్రం బాగా సాగుతోందా? లేదు. వచ్చే పెట్టెలు మేనేజరు అనుకున్నన్ని రావడం లేదు. వానాకాలానికని చెప్పిన సరుకు ఎండలు మండిపోతుంటే దిగింది. మేనేజరు రాజావారిని గదిలోకి పిలిచాడు. గోడకి పెద్ద తెర. తెరమీద సముద్రం అవతలి హాలు, ఇటువాళ్ళు అటూ అటువాళ్ళు ఇటూ అప్పటికప్పుడు కనపడేలా. వాళ్ళ గోడలకి కూడా పచ్చరంగే.

"మన ఫిల్ము చూసే నేర్చుకున్నారు. ఉన్నది ఉన్నట్టు చేయమన్నాం" అన్నాడు మేనేజరు. "అయినా ఆ వేగం అందడం లేదు. ఎక్కడ తేడా వస్తోందో చూసి చెప్పు."

రాజావారు చూశాడు. అరుగుమీద ఆయన ఈడుదే ఒక ఆడమనిషి నిలబడి ఉంది. మణికట్టుకి గుడ్డ చుట్టుకుంది. గొడుగు విప్పింది, తిప్పింది, మూసింది, బుట్టలో పడేసింది. తర్వాత ఎదురుగా ఉన్న ఖాళీ గోడకి ఒక సలాం కొట్టింది.

రాజావారు కళ్ళు నులుముకున్నాడు. ఇంకో గొడుగు. ఇంకో సలాం. పీటలమీద వరసగా కూర్చున్న ఆడపిల్లలు కుట్టుకుంటూ కుట్టుకుంటూ, ఉన్నట్టుండి అందరూ ఒక్కసారే సూదులు దించారు. లేని కళ్ళద్దాలు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు.

"పెద్దమ్మా!" అని అరిచాడు రాజావారు. ఆయనకి నవ్వు ముంచుకొచ్చింది. ఫిల్ములో ఉన్నది ఉన్నట్టు! తలా ఒక దగ్గు కూడా దగ్గారు, వరస ప్రకారం. ఆయన కుర్చీ పట్టుకుని వంగిపోయి కన్నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తలెత్తి చూస్తే అరుగుమీద ఆవిడ ఎడంచేత్తో కుడి మణికట్టు నొక్కుకుంటోంది. అలా నొక్కుకునే నొప్పి ఎలాంటిదో ఆయనకి తెలుసు. మూడురోజులు తెలుసు. ఆవిడకి ఎన్నాళ్ళనుంచో.

నవ్వు ఆగిపోయింది.

ఆవిడ ఏదో అడిగింది. తెరమీద ఆవిడ పక్కనే ఉన్న దుబాసీ అమ్మాయి ఆ మాట తెలుగులో చెప్పింది.

"ఫిల్ములో ఉన్నది మీరేనా అని అడుగుతోంది. రోజంతా అదే వేగంతో చేస్తారా? ఆ వేగం అందకపోతే ఇక్కడ కూలి కోస్తున్నారు. ఎలా అందుకోవాలో చూపించమంటోంది."

"చెప్పవయ్యా" అన్నాడు మేనేజరు. "రోజూ ఇంతేనని చెప్పు. అలవాటైతే వచ్చేస్తుందని చెప్పు."

రాజావారు ఆ గదిలో చుట్టూ చూశాడు. దీపాలు లేవు. సార్ అనేవాళ్ళు లేరు. చూస్తున్నది ఒక్క ఆడమనిషి, అదీ మణికట్టు నొప్పితో.

"మాటలతో రాదు సార్. చేసి చూపిస్తా" అన్నాడు.

మూలనున్న గొడుగు తీసుకుని తెర ముందు నిలబడ్డాడు. ఠప్. తిప్పాడు. ఆగాడు. గొడుగు కిందనుంచి ఆవిణ్ణి చూశాడు. మూశాడు. మళ్ళీ ఆగాడు, ఒళ్ళు నొప్పులున్నవాడిలా, అప్పు తీర్చేవాడిలా. పెళ్ళాం నేర్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా. ఠప్. సలాం కొట్టలేదు. చెయ్యి పైకెత్తి, అది అక్కర్లేదని అడ్డంగా ఊపాడు.

ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. దుబాసీ ఏదో అనబోతే చేత్తో ఆపింది. గొడుగు తీసుకుంది. ఠప్. తిప్పింది. ఆగింది. అటూ ఇటూ చూసింది. పెదవి చివర చిన్న ముడత పడింది. మూసింది. సలాం కొట్టాల్సిన చెయ్యి నడుం మీద పెట్టుకుంది. ఆవిడ వెనక వరసలన్నీ, ఎవరూ చెప్పకుండానే, నెమ్మదించాయి. సూదులు గాల్లో తేలుతున్నట్టు లేచి, తేలుతున్నట్టు దిగాయి.

ఠప్.

చాలాసేపటికి మళ్ళీ ఠప్.

మేనేజరు తెర దగ్గరికి పరిగెత్తాడు. "ఛ! నెట్ స్లో అయిపోయింది!" తీగ పీకి మళ్ళీ గుచ్చాడు. తెర ఆరి వెలిగింది. ఆడపిల్లలు ఇంకా నెమ్మదిగా కుడుతున్నారు. "కంప్యూటరతన్ని పిలవండి!" కంప్యూటరతను వచ్చి చూసి అంతా బాగానే ఉందన్నాడు. "ఏం బాగుంది? బొమ్మ కదలడమే లేదు కదయ్యా!" సరిగ్గా అప్పుడే దుబాసీ అమ్మాయి మామూలు వేగంతో నడుచుకుంటూ తెరమీద ఈ చివరనుంచి ఆ చివరకి వెళ్ళిపోయింది. మేనేజరు ఆ అమ్మాయినీ, వెనక తేలుతున్న సూదుల్నీ మార్చి మార్చి చూశాడు. తల గోక్కున్నాడు.

"సగం స్లో అయినట్టుంది" అన్నాడు.

రాజావారు గొడుగు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ నత్తనడక ఎన్నాళ్ళకీ ఆగకపోయేసరికి అవతలివాళ్ళకి కూలి పెంచక తప్పలేదు. పెంచాక చేతులు కదిలాయి. కానీ ఆ కూలికి ఓడ ఖర్చు కలిపి, ఎండల్లో దిగిన గొడుగులు కలిపితే, యజమాని అనుకున్న లాభంలో పెద్ద చిల్లి పడింది. సగం పని అక్కడ, సగం ఇక్కడ అన్నాడు. అందర్నీ కాదు, సగంమందిని రమ్మని మేస్త్రీ చేత కబురు పంపాడు. జీతం కాస్త పెంచుతానన్నాడు. పెంచుతాడు కాబట్టే పీటలు తగ్గుతాయన్నాడు.

సూదక్క వెంటనే వెళ్ళలేదు. తమ్ముడితో తిరుగు కబురు పంపింది. మాట్లాడాల్సింది ఉంది, గదిలో కాదు, హాల్లో, అందరి ముందూ మాట్లాడాలి అంది.

అందరూ వచ్చారు. పిలిచినవాళ్ళూ, పిలవనివాళ్ళూ. మేనేజరు అరుగు పక్కన నిలబడ్డాడు. రాజావారు అరుగుమీద ఉన్నాడు.

"రెండు మాటలు సార్" అంది సూదక్క. "మొదటిది. గొడుగు విప్పేది ఇకమీదట నేను. ఆయన పీటమీద కూర్చుని కుడతాడు."

హాలు గుసగుసలాడింది. మేనేజరు భుజాలెగరేశాడు. "ఎవరు విప్పితే నాకేం? గొడుగు తెరుచుకుంటే చాలు." ఫ్యాక్టరీ తాళంచెవి ఇచ్చేస్తున్నానని ఆయనకి తెలియదు.

"రెండోది. ఆయనకి పెంచిన జీతం వెనక్కి తీసుకోండి. మా అందరితో సమానంగా ఇవ్వండి. ఆ మిగిలినదాంతో ఇంకో పీట వేయండి. పెద్దమ్మ పేరు మీరు పిలిచినవాళ్ళలో లేదు."

మేనేజరు లెక్క వేసుకున్నాడు. ఆయనకి పోయేదేమీ లేదు. "కానీ అది ఆయన జీతం కదమ్మా. ఆయన ఒప్పుకోవాలి." రాజావారి వైపు తిరిగాడు. "ఏమంటావయ్యా?"

హాలంతా తలెత్తి చూసింది. పిలిచినవాళ్ళు, పిలవనివాళ్ళు, గుమ్మం దగ్గర పెట్టెలు కట్టేవాళ్ళు, అందరూ. పెద్దమ్మ అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని మరీ చూసింది. కిటికీలోంచి వెలుతురు సరిగ్గా ఆయన మొహమ్మీదే పడుతోంది.

ఇంట్లో, తలుపు మూసి, ఇద్దరే ఉండగా అడిగితే ఆయన ఏడాది బేరమాడేవాడు. కుంటిసాకులు చెప్పేవాడు. ఆ సంగతి సూదక్కకి తెలుసు. అందుకే హాల్లో అడిగించింది.

రాజావారి ఛాతీ ఉబ్బింది. చెవులు ఎర్రబడ్డాయి. ఒక చెయ్యి నడుంమీద పెట్టి, రెండోది గాల్లో ఊపాడు.

"తీసుకోండి! ఒక పీటేమిటి, ఎన్ని వస్తే అన్ని వేయండి!"

హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆయన సలాం కొట్టాడు. పక్కన మేస్త్రీ అక్క చెవిలో గొణిగాడు. "చొక్కా కూడా అడగవే. ఇచ్చేస్తాడు."

ఒక్క పీటే వచ్చింది. రాజావారి గొప్పంతా కలిపినా అంతకంటే రాలేదు. పీట దక్కనివాళ్ళు చప్పట్లు కొట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. వాళ్ళ పీటలు గోడవారగా ఒకదానిమీద ఒకటి పేర్చి పెట్టారు. చువ్వల షెడ్డు తాళం తుప్పు పట్టింది. దాని గురించి మాత్రం ఇప్పటికీ ఎవరూ అడగలేదు.

మొదటి రోజు పొద్దున సూదక్క అరుగెక్కింది. రాజావారు మొదటి పీటమీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికి పెద్దమ్మ సాయం చేసింది.

"ఏరా రాజా, నాకంటే నీ చూపే మందం" అంది.

హాలు చెవులు రిక్కించింది. కొత్త జీతం అంత గొప్పదేం కాదు, అంత అన్యాయమూ కాదు. సూదక్క ఎర్ర గొడుగు తీసుకుంది. ఠప్. తిప్పింది. వెలుతురులో చూసింది. మూసింది. గోడవార పేర్చిన పీటల వైపు ఒక చూపు చూసింది. రెండో గొడుగు తీసుకుంది. పరుగు కాదు, నత్తనడకా కాదు. పనికి పోయే మనిషి నడక. ఠప్.

సూదులు అందుకున్నాయి. ఒక్క సూది తప్ప.

"బావా, అందుకో!" అన్నాడు మేస్త్రీ వెనకనుంచి.

"అందుకుంటున్నాగా... అబ్బా!" సూది వేలికి దిగింది. రాజావారు వేలు నోట్లో పెట్టుకుని తలెత్తాడు. అరుగుమీద గొడుగు నీడలో పెళ్ళాం రాణిలా నిలబడి ఉంది. ఆవిడ ఆయన్నే చూస్తూ, ఎక్కడా నవ్వకుండా, ఒక సలాం కొట్టింది.

హాలు గొల్లుమంది. నవ్వు ఆగకముందే మళ్ళీ ఠప్ మోగింది. రాజావారు నోట్లోంచి వేలు తీసి, దారం లాగాడు.